తంతేనే పలుకుతుంది!

సినిమా పత్రికలో మోటారు సైకిళ్ళ గొడవేమిటి అంటారా? ఆగండాగండి! మన సినిమాల్లో హీరోగారు దిగే ముందు ఏం జరుగుతుందో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. మొహం కనిపించదు. ముందు చీకట్లో గుండ్రటి దీపం ఒకటి. ఆ వెనక "డుగు... డుగు... డుగు..." మని చప్పుడు. అంతే! నేల క్లాసులో ఈలలు, బాల్కనీలో చప్పట్లు!

1985లో కృష్ణంరాజు హీరోగా బాపు తీసిన సినిమాకు ఏకంగా 'బుల్లెట్' అనే పేరు పెట్టారు. 2017లో 'అర్జున్ రెడ్డి'గా విజయ్ దేవరకొండ గడ్డం పెంచి ఎక్కింది ఎన్‌ఫీల్డే. 2022లో వచ్చిన 'ఆర్.ఆర్.ఆర్.'లో వంతెన మీద రామ్‌చరణ్ గుర్రం ఎక్కితే, ఎన్.టి.ఆర్. ఎక్కింది తెల్లదొరల కాలం నాటి మోటారు సైకిలు. ఇక 2021లో మోహన భోగరాజు పాడిన 'బుల్లెట్టు బండి' పాట సంగతి మీకు నేను చెప్పాలా? ఆ ఏడాది ఆ పాట మోగని పెళ్ళి ఊరేగింపు ఉంటే నాకు చూపించండి!

ఇంతకీ మన ఈ వారం హీరో ఏ పోస్టరు మీదా లేడు. ఆయనకు డెబ్బై ఏళ్ళు. ఉండేది మదనపల్లెలో. పేరు వేయవద్దన్నారు. "పేరెందుకు నైనా, బండి ఫోటో వేసుకో చాలు" అన్నారు. కనుక మనం ఆయన్ని పెద్దాయన అనే పిలుచుకుందాం.

పెద్దాయన ఇంటి ముందు వేపచెట్టు కింద రెండు బళ్ళున్నాయి. ఒకటి 1983 మోడలు బుల్లెట్, నల్లది. టాంకు మీద బంగారు గీతలు అక్కడక్కడా చెరిగిపోయాయి. ఎడమ పక్క చీర చక్రంలో పడకుండా బిగించిన కమ్మీల చట్రం, దాని కింద పాదాలు పెట్టుకునే పలక. ఇంకోటి 2023లో కొడుకు కొనిచ్చిన క్లాసిక్ 350. అది తళతళలాడుతోంది. చూపరులంతా కొత్తదాని వైపు ఒకసారి చూసి పాతదాని దగ్గర నిలబడిపోతారు. అన్నదమ్ముల్లో పెద్దవాడికే మర్యాద మరి!

నేను వెళ్ళిన రోజు ఒక పెద్ద పని ఉంది. మోకాలు అరిగిపోయింది, ఇక కిక్కు కొట్టడం మానుకోండి అని డాక్టరుగారు ఖండితంగా చెప్పేశారట. కొత్తదానికి ఆ బెడద లేదు. బొత్తాం నొక్కితే చాలు. 2021లో వచ్చిన ఈ క్లాసిక్‌కు అసలు కిక్ రాడ్డే పెట్టలేదు. మరి పాతదాని గతేమిటి? బెంగుళూరు నుంచి పాత బళ్ళ బేరగాళ్ళు రెండుసార్లు వచ్చి వెళ్ళారు. రెండోసారి చెప్పిన ధర వింటే కొడుక్కి కళ్ళు తిరిగాయట.

"అమ్మేదానికి మనసు రాలే. అట్లని మూలన పెట్టేదానికీ మనసు రాలే. కూచోబెడితే తుప్పు పట్టి చస్తాది. మనిషైనా అంతే, బండైనా అంతే" అన్నారు పెద్దాయన.

కుప్పంలో ఇంజనీరింగు చదువుతున్న మనవరాలు ఫోను చేసింది. "తాతా, నాకియ్యి" అంది. ఇంట్లో పెద్ద రగడ! ఆడపిల్లకు బుల్లెట్టా, అందులోనూ కిక్కు కొట్టేదా అని కోడలు. ఆ పాతదానికి బ్రేకులే సరిగ్గా పడవు అని కొడుకు. (ఆయన అన్నది అబద్ధం కాదు. ఆ సంగతి నాకు పుంగనూరులో తెలిసివచ్చింది. చెబుతాను.) చివరికి ఒక ఒప్పందం కుదిరింది. బండిని కుప్పం తీసుకెళ్ళాలి. పిల్ల తన కాలితో తాను కిక్కు కొట్టి స్టార్టు చేస్తే బండి తనది. చేయలేకపోతే బెంగుళూరు బేరగాడికి ఫోను!

పెద్దాయన కొత్తదాని మీద, నేను పాతదాని మీద. అదీ ఏర్పాటు.

బండి స్టార్టు చేయడం అంటే మీరు తొడగొట్టినట్టు కొట్టేయడమే అనుకుంటున్నారేమో. నేనూ అలాగే అనుకున్నాను. కొట్టాను. అది తిరిగి నా కాలిని కొట్టింది! పెద్దాయన నవ్వి పాఠం చెప్పారు. హెడ్‌లైటు పక్కన చిన్న ఆంపియర్ మీటరు ఉంటుంది. తాళం తిప్పి, కిక్ రాడ్డును మెల్లగా నొక్కుతూ పోతే ఆ మీటరు ముల్లు కదులుతుంది. ముల్లు సరిగ్గా మధ్యకు వచ్చినప్పుడు ఆగాలి. అప్పుడు ఎడమచేతి కింద ఉన్న చిన్న లివరు లాగితే సిలిండరులో బిగిసి ఉన్న గాలి బయటికి పోతుంది. రాడ్డును ఇంకాస్త కిందికి నెట్టి, లివరు వదిలేసి, రాడ్డును పైకి రానిచ్చి, అప్పుడు ఒళ్ళంతా కాలి మీద వేసి ఒకే ఒక్క తన్ను!

"బలం కాదప్పా, ఒడుపు కావల్ల. దానికి చెప్పకుండా తంతే ఎదురు తంతాది" అన్నారాయన. రెండోసారి ముల్లు చూసి కొట్టాను. పలికింది!

ఆ పలుకు రహస్యం కూడా చెప్పేస్తాను. ఈ ఇంజనులో పిస్టను వెడల్పు 70 మిల్లీమీటర్లయితే అది పైకీ కిందికీ తిరిగే దూరం 90 మిల్లీమీటర్లు. ఒకటే సిలిండరు, 346 సి.సి. పొడుగాటి అడుగులు వేసే మనిషిలాగా నిదానంగా కొట్టుకుంటుంది. పక్కన బరువైన ఫ్లైవీలు ఉండటం వల్ల ఆగిపోదు. నిమ్మళంగా, ఒక్కో దెబ్బ లెక్కపెట్టుకునేట్టు! శక్తి మాత్రం 18 హార్స్ పవర్ దగ్గరే ఆగుతుంది. ఇప్పటి చిన్న బళ్ళు కూడా దీన్ని దాటిపోతాయి. చప్పుడు చూసి వేగం అనుకునేరు సుమా!

ఇంగ్లండు కోడలు మద్రాసు కాపురం

ఈ బుల్లెట్టు పుట్టిల్లు ఇంగ్లండులోని రెడ్డిచ్ అనే ఊరు. రాయల్ ఎన్‌ఫీల్డు వాళ్ళు అక్కడ మొదటి మోటారు సైకిలు చేసింది 1901లో. బుల్లెట్ అనే పేరు 1930ల మొదట్లోనే పెట్టారు. ఆ కంపెనీకి తుపాకుల తయారీతో చుట్టరికం ఉంది. టాంకు మీద ఫిరంగి బొమ్మ వేసుకునేవారు. 1954లో మన ప్రభుత్వం సైన్యం కోసం 800 బుల్లెట్లు కావాలంది. మరుసటి ఏడాదే మద్రాస్ మోటార్స్ వాళ్ళు, రెడ్డిచ్ వాళ్ళు కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టారు. మొదట్లో విడిభాగాలు ఓడలో వచ్చేవి, తిరువొత్తియూరులో బిగించేవాళ్ళు. తర్వాత అచ్చులు, యంత్రాలు కూడా ఇక్కడికే వచ్చేశాయి.

ఇక్కడే ఉంది అసలు ట్విస్టు! జపాను బళ్ళు వచ్చి ఇంగ్లండు కంపెనీలను ఒక్కొక్కటిగా పడగొట్టాయి. 1970 నాటికి ఇంగ్లండులో ఎన్‌ఫీల్డు మూతపడింది. పుట్టింట్లో దీపం ఆరిపోయింది, అత్తింట్లో మాత్రం వెలుగుతూనే ఉంది. 1977లో మద్రాసులో చేసిన బుల్లెట్టు ఇంగ్లండుకే ఎగుమతి అయింది. ఏ సినిమా రచయితకైనా ఇంతకంటే మంచి కథ దొరుకుతుందా?

పెద్దాయనకు ఈ చరిత్ర అంతా అక్కర్లేదు. ఆయన చరిత్ర వేరు. ఆయనది పట్టుగూళ్ళ వ్యాపారం. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం చుట్టుపక్కల మల్బరీ తోటల్లో రైతుల దగ్గర గూళ్ళు కొని, సంతలకు చేర్చేవారు. ఇది గడియారంతో పరుగెత్తే వ్యాపారం! పురుగు గూడు అల్లుకున్న వారం లోపల గూళ్ళు విప్పి అమ్మేయాలి. ఇంకో నాలుగైదు రోజులు జాగు చేస్తే లోపలి పురుగు రెక్కలొచ్చి, గూటికి చిల్లుపెట్టి బయటికొస్తుంది. చిల్లుపడ్డ గూటి నుంచి తెగని దారం రాదు, ధర రాదు. మూటలు గట్టిగా కట్టినా నష్టమే, ఉడికిపోతాయి. అందుకని బండికి రెండు పక్కలా వదులుగా రెండు సంచులు, వెనక సీటు మీద ఒకటి. అర్ధరాత్రి బయల్దేరితే పొద్దునకు సంత. బండి పలికితే బతుకు, పలకకపోతే గూళ్ళన్నీ బూడిదే.

మరి బుల్లెట్టే ఎందుకు? దానికి జవాబు సినిమాలో ఉంది. 1973లో పెద్దాయనకు పద్దెనిమిదేళ్ళు. నాన్నతో కలిసి గూళ్ళ మూటలతో కర్ణాటకలోని రామనగరం వెళ్ళేవారు. అది పట్టుకు పేరు పడ్డ ఊరు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆ ఊరి బండల మధ్య ఒక హిందీ సినిమా షూటింగు మొదలైంది. అర్థమయింది కదూ? 'షోలే'!

"షూటింగు చూసినారా?" అని ఆత్రంగా అడిగాను.

"యాడ చూస్తాను! నాయన చెయ్యి వదిలితే కదా. దూరంగా దుమ్ము లేస్తా ఉన్నింది. దుమ్ము చూసినా."

1975లో సినిమా వచ్చాక బెంగుళూరు వెళ్ళి చూశారట. ధర్మేంద్ర, అమితాబ్ పక్కతొట్టి కట్టిన మోటారు సైకిలు మీద పాడుకుంటూ పోతుంటే హాలంతా వాళ్ళిద్దరినీ చూస్తోంది. ఈయన మాత్రం బండిని చూస్తున్నారు! అది బి.ఎస్.ఎ. కంపెనీ వాళ్ళ డబ్ల్యు.ఎమ్.20, రెండో ప్రపంచ యుద్ధం నాటి సైనికుల బండి. 80లలో పెరిగిన మనలాంటివాళ్ళకు బి.ఎస్.ఎ. అంటే సైకిలే. దానికి ఇంగ్లండులో ఇంత పెద్ద వంశం ఉందని ఆ రోజుల్లో ఎవరికి తెలుసు! బి.ఎస్.ఎ. దొరకదు, దొరికింది బుల్లెట్టు. ఎనిమిదేళ్ళు కూడబెట్టి 1983లో కొన్నారు.

టమోటా ఆటో, నా కుడికాలు

మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం, అక్కడి నుంచి తమిళనాడు కృష్ణగిరి. ఒకప్పుడు దీన్ని 219వ నెంబరు జాతీయ రహదారి అనేవాళ్ళు, ఇప్పుడు 42లో కలిసింది. కుప్పం దాకా నూరు కిలోమీటర్ల పైచిలుకు. పొద్దున పూట ఆ రోడ్డు మీద చల్లగాలి, పక్కన బండరాళ్ళ గుట్టలు, చింతచెట్లు. ఎదురుగా మదనపల్లె మార్కెట్టుకు పోయే టమోటా బళ్ళు.

నేనెక్కిన బండికి గేరు కుడికాలి దగ్గర, బ్రేకు ఎడమకాలి దగ్గర. అంతా తిరగేసి ఉంటుంది. పాత ఇంగ్లీషు బళ్ళ పద్ధతే అది. మొదటి గేరు పైకి, మిగిలిన మూడూ కిందికి. 2000 తర్వాత క్రమంగా ఎన్‌ఫీల్డు కూడా గేరును ఎడమకు మార్చేసింది. నా కాళ్ళు ఆ కొత్త పద్ధతికి అలవాటుపడినవి.

పుంగనూరు బజారులో టమోటా ట్రేలు పేర్చుకున్న ఆటో ఒకటి ఉన్నట్టుండి ఆగింది. నేను బ్రేకు అనుకుని కుడికాలు గట్టిగా తొక్కాను. అది గేరు! బండి ఆగకపోగా మూడు నుంచి నాలుగులోకి దూకింది. చేతి బ్రేకు పట్టుకున్నాను. పాతకాలపు డ్రమ్ము బ్రేకు, "వస్తున్నా, వస్తున్నా" అన్నట్టు తీరిగ్గా పట్టింది. ఆఖరుకి ఎడమకాలు గుర్తొచ్చింది. ముందు చక్రం ట్రేలకు జానెడు దూరంలో ఆగింది.

ఆటో అతను తల బయటపెట్టి, "ఏమప్పా, టమోటా కావాలంటే అడిగితే ఇస్తాను కదా!" అన్నాడు.

చెమటలు పట్టాయి. వెనక వచ్చిన పెద్దాయన మాత్రం నన్ను పలకరించలేదు. వంగి బండి సైలెన్సరు చూసుకున్నారు!

అందుకే ఒక మాట నిక్కచ్చిగా చెబుతున్నాను. పాత బుల్లెట్టును దేవతను చేసి పూజించేవాళ్ళంతా ఒకసారి సంత రోజున పుంగనూరు బజారులో నడిపి చూడాలి. ఆయిలు కారుతుంది. గంటసేపు నడిపితే చేతులు తిమ్మిరెక్కుతాయి. పాయింట్ల మధ్య సందు ఒక వెంట్రుకవాసి మారితే మొరాయిస్తుంది. కొత్తదానికి ఇవేవీ లేవు. అదిరింపు తగ్గించడానికి ఇంజను లోపలే ఒక బేలెన్సరు షాఫ్టు పెట్టారు. ముందూ వెనకా డిస్కు బ్రేకులు, చక్రం జారకుండా ఏ.బి.ఎస్. "కొత్తది బుల్లెట్టే కాదు" అని ముక్కు విరిచే కుర్రాళ్ళను చూస్తే నాకు నవ్వొస్తుంది. పెద్దాయన ఆ మాట ఎప్పుడూ అనలేదు.

"మా ఆవిడ ఉన్నింటే దీన్ని మీదే కూచుంటా ఉన్నింది" అన్నారు టీ తాగుతూ, కొత్తదాన్ని చూపించి. "నడుం నొప్పి పాపం. 89లో జొరమొస్తే ఆ పాతదాని మీదే రాత్రికి రాత్రి వేలూరు ఆస్పత్రికి తీసకపొయినా. ఆ గతుకులకు సగం, జొరానికి సగం ఏడ్చింది." అంతకుమించి ఆ సంగతి ఆయన చెప్పలేదు. నేను చట్రం కమ్మీల వైపు చూశాను. పాదాల పలక మధ్యలో పెయింటు అరిగి ఇనుము మెరుస్తోంది.

ఏనుగుల అడవిలో ఒక్క తన్ను

పలమనేరు దాటాక అడవి. 1980లలో తమిళనాడు వైపు నుంచి ఏనుగులు ఈ అడవుల్లోకి దిగాయి. 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. ఇప్పటికీ రాత్రిళ్ళు ఆ రోడ్డున పోయేవాళ్ళు ప్రాణాలు అరచేతిలో పెట్టుకునే పోతారు. సరిగ్గా అక్కడే పెద్దాయన బండి పక్కకు తీశారు.

"ఈడనే నైనా. మూడు సంచుల గూళ్ళు. ఏనుగులు రోడ్డు దాటతా ఉండాయి. దీపం ఆర్పేసి, ఇంజను ఆపేసి నిలబడిపొయినా. అరగంట. ఊపిరి కూడా తీసుకోలే. అన్నీ పొయినాయనుకుంటే వెనక ఒక గున్న మిగిలిపొయింది. దాని తల్లి మళ్ళీ తిరుక్కోని వచ్చింది."

"మరి?"

"మరేముంది! చీకట్లో ముల్లు కనపడదు. చెవితో చూసుకోవల్ల. కాలితో తడువుకుంటా పోయి... ఒకటే తన్ను. పలికింది. ఆ పొద్దు అది పలక్కపోతే నీకీ కథ చెప్పేవాడు లేడు."

సినిమాలో అయితే ఇక్కడ ఇంటర్వెల్ కార్డు పడాలి!

వి.కోట దగ్గర మాట కొత్త ఇంగ్లీషు బళ్ళ మీదికి మళ్ళింది. చిత్రం ఏమిటంటే, ఇంగ్లండులో చచ్చిపోయాయనుకున్న పేర్లన్నీ మన చుట్టుపక్కలే మళ్ళీ పుడుతున్నాయి. నార్టన్ కంపెనీని 2020లో టి.వి.ఎస్. వాళ్ళు కొనేశారు. వాళ్ళ హోసూరు ఫ్యాక్టరీ కుప్పానికి కృష్ణగిరి అవతలే. ట్రయంఫ్ వాళ్ళు బజాజ్‌తో చేతులు కలిపి 2023లో స్పీడ్ 400 దించారు. పెద్దాయన హాల్లో చూసిన ఆ బి.ఎస్.ఎ. పేరును మహీంద్రావాళ్ళ క్లాసిక్ లెజెండ్స్ 2016లో కొని, 2024 ఆగస్టు 15న గోల్డ్ స్టార్ 650ని మన దేశంలో విడుదల చేసింది. ఎన్‌ఫీల్డువాళ్ళేమో 1960ల నాటి ఇంటర్‌సెప్టర్ పేరును 2018లో రెండు సిలిండర్ల 650గా మళ్ళీ తెచ్చారు.

వీటిలో రెండు పెద్దాయన నడిపి చూశారు. స్నేహితుడి కొడుకు దగ్గర స్పీడ్ 400 ఉందట. "గాలి మాదిరి పోతాది. కానీ అంత బిన్నా పోయి ఏం చేయల్ల?" అన్నారు. ఇంటర్‌సెప్టర్ మాట ఎత్తగానే మాత్రం మొహం వెలిగిపోయింది. "అదుండాదే, అది వెన్న! నాకు యాభై ఏళ్ళుంటే కొనేస్తా ఉంటి." గోల్డ్ స్టార్ ఇంకా చూడలేదట. చూడాలని మాత్రం కోరిక. ఎందుకో మీకు తెలుసు!

కుప్పంలో క్లైమాక్సు

కుప్పం వీధుల్లో ఒక నోట తెలుగు, ఒక నోట తమిళం, ఇంకో నోట కన్నడం. కాలేజీ హాస్టలు బయట మనవరాలు నిలబడి ఉంది. జీన్సు ప్యాంటు, బూట్లు, సిద్ధంగా! చుట్టూ పదిమంది స్నేహితురాళ్ళు, అందరి చేతుల్లో ఫోన్లు. షూటింగు స్పాటే అనుకోండి.

పెద్దాయన ఏమీ చెప్పలేదు. తాళం చేతిలో పెట్టి, వెళ్ళి చెట్టుకింద అరుగు మీద కూర్చున్నారు.

మొదటి తన్ను. బండి ఎదురు తన్నింది. పిల్ల "అమ్మా!" అని కుంటుతూ చుట్టూ తిరిగింది. ఫోన్లన్నీ కిందికి దిగాయి. నేను లేవబోతే పెద్దాయన "గమ్మున కూచో నైనా" అన్నారు.

రెండో తన్ను ముల్లు చూసే కొట్టింది. చప్పుడు లేదు. మూడోది. లేదు. నాలుగోది. లేదు. పిల్ల కళ్ళలో నీళ్ళు. నాకు బెంగుళూరు బేరగాడు గుర్తొచ్చాడు. పెద్దాయన చేతికర్రను గట్టిగా పట్టుకున్నారు, వేళ్ళు తెల్లబడ్డాయి.

పిల్ల కన్నీళ్ళు తుడుచుకుని, బండి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. తల వంచి టాంకు కింద చూసింది. ఆ పైన మా వైపు తిరిగి అరిచింది.

"తాతా! పెట్రోలు కుళాయి కట్టేసినావు కదా!"

పెద్దాయన నాలుక కరుచుకున్నారు. బండి దించగానే కుళాయి కట్టేయడం ఆయనకు నలభై ఏళ్ళ అలవాటు. కావాలని కట్టారా, అలవాటుగా కట్టారా అని తర్వాత ఎన్నిసార్లు అడిగినా నాకు చెప్పలేదు.

కుళాయి తిప్పింది. ముల్లు మధ్యకు తెచ్చింది. లివరు లాగింది, వదిలింది. ఎగిరి ఒక్క తన్ను!

డుగు... డుగు... డుగు...

పిల్లలంతా ఒకటే కేక! మనవరాలు హెల్మెట్ పెట్టుకుని, ఆచితూచి మొదటి గేరు పైకి ఎత్తి, రోడ్డు చివర దాకా వెళ్ళింది. మలుపు తిరిగింది. చప్పుడు సన్నబడింది. పెద్దాయన తల పక్కకు వంచి అది పూర్తిగా వినపడకుండా పోయేదాకా విన్నారు. "పాయింట్లు కొంచెం ఎడంగా ఉండాయి. ఆదివారం వచ్చి సరిచేయల్ల" అన్నారు.

తిరుగు ప్రయాణంలో కొత్త బండి ఆయన నడిపారు, నేను వెనక. పలమనేరులో టీకి ఆగామో లేదో ఫోను మోగింది. మనవరాలే. రైల్వే స్టేషను దగ్గర బండి ఆగిపోయిందట, ఎంత తన్నినా పలకడం లేదట, చుట్టూ జనం చేరారట.

పెద్దాయన టీ గ్లాసు బల్ల మీద పెట్టి, ఫోను చెవి దగ్గరికి జరుపుకున్నారు.

"ఏడవద్దు పాపా. జనాన్ని చూడొద్దు. ముల్లు యాడుండాది, అది చెప్పు ముందు."